ముందు తీసినవాడిదేనా అదృష్టం?

మా హాస్టల్లో ఆ యేడు గదుల పంపకంలో పదిమందిమి మిగిలాం. ఒంటిగదులు మూడే వున్నాయి. వార్డెన్‌గారు మూడు చీటీలమీద 'గది' అని రాయించి, ఏడు ఖాళీ చీటీలతో కలిపి మెస్సు గిన్నెలో వేయించారు. తీసిన చీటీ మళ్ళీ గిన్నెలో వెయ్యకూడదు. హాజరుపట్టీ వరసలో నేను మొదటివాణ్ణి, నా స్నేహితుడు ఆఖరివాడు. నాకు గది వచ్చింది. ఏడో చీటీతో మూడు గదులూ అయిపోయాయి. వాడు గిన్నెలో చెయ్యి పెట్టకుండానే లేచి వెళ్ళిపోయాడు. "ముందు తీశావు గనక కొట్టేశావురా!" అన్నాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

వాడి మాట నిజమేనా? లెక్క వేసి చూద్దాం.

మొదటివాడి సంభావ్యత 3/10. ఇందులో సందేహం లేదు. మరి రెండోవాడి సంగతి? మొదటివాడికి గది వస్తే, మిగిలిన తొమ్మిది చీటీల్లో గదులు రెండే గనక వీడికి 2/9. మొదటివాడికి రాకపోతే 3/9. 'ఇది జరిగిందని తెలిశాక అది జరిగే అవకాశం ఎంత?' అన్న ప్రశ్నకు జవాబే నియత సంభావ్యత. రెండు దారులూ కలిపితే:

(3/10 × 2/9) + (7/10 × 3/9) = 6/90 + 21/90 = 27/90 = 3/10

మొదటివాడికెంతో రెండోవాడికీ అంతే! ఇలాగే చేసుకుపోతే పదోవాడికీ అంతే.

అయితే చీటీలు బాగా కలపాలి సుమండీ! 1969 డిసెంబరు 1న అమెరికాలో సైన్యంలోకి యువకులను పిలవడానికి 366 పుట్టినతేదీలను గుళికల్లో పెట్టి, ఒక్కొక్కటే తీశారు. సరిగా కలపకపోవడంతో ఏడాది చివరి నెలల తేదీలు ఎక్కువగా ముందే వచ్చాయి. అక్కడ పోయింది గది కాదు, వియత్నాం యుద్ధానికి వెళ్ళవలసిన ప్రాణాలు.

ఈ లెక్కంతా కాగితంమీద రాసి మావాడికి చూపించాను. చదివి, "సరేరా, మొదట్లో నాదీ 3/10. ఏడో చీటీ విప్పాక నాదెంత?" అన్నాడు.

సున్నా! నేను నోరు మూసుకున్నాను.

ఇద్దరం చెప్పిందీ నిజమే. నాది చీటీలు విప్పకముందు మాట, వాడిది విప్పిన తరవాత మాట. పద్ధతిలో అన్యాయం లేదు. కాని ఖాళీ చీటీ వచ్చినప్పుడల్లా ఆశ కాస్త పెరుగుతూ, గది పోయినప్పుడల్లా పడిపోతూ, చివరికి సున్నా కావడం వాడు కూర్చుని చూడవలసి వచ్చింది.

మరుసటి యేడు వార్డెన్‌గారిని ఒప్పించాం. అందరూ చీటీ తీసి గుప్పిట్లో పెట్టుకోవాలి. ఆఖరివాడు తీశాకే అందరూ ఒక్కసారిగా విప్పాలి. సంభావ్యత ఏమీ మారలేదు. మావాడు మళ్ళీ ఆఖరివాడే. గది వచ్చిందా అంటారా? రాలేదు. కాని ఈసారి చెయ్యి పెట్టి తీశాడు, విప్పి చూసి నవ్వాడు.