బేతాళుని ప్రశ్న: నవలపై అభిప్రాయము చెప్పుట యెట్లు?



ఒక పుస్తకమును గూర్చి "బాగున్నది" యనుట గాని, "బాగులేదు" అనుట గాని మిక్కిలి సులభము. ఎందుచేత బాగున్నది, ఏ పుటలో బాగులేదు అని యడిగినప్పుడు నిదర్శనము చూపి చెప్పుటయే కష్టము. ఈ భేదమును మీకు బోధింపవలసిన నేనే యొకసారి దానిని మఱచితిని. కావున ఆ వృత్తాంతముతోనే యీ పాఠమును ఆరంభించుచున్నాను.

గత సంవత్సరము తొమ్మిదవ తరగతిలో, ధర్మవరమునుండి వచ్చి వసతిగృహములో నుండు బాలుడొకడు గణితపుస్తకము నడుమ మఱియొక పుస్తకము నుంచుకొని చదువుచుండగా నేను పట్టుకొంటిని. అది యొక ఆంగ్ల నవల. అట్టమీద నల్లని దుస్తులు ధరించిన యువకుడు, అతని పెదవి మూల నొక యెఱ్ఱని చుక్క, వెనుక పాడుపడిన కోట. "నెత్తురు త్రాగు శవముతో ప్రేమయా! పైగా హత్యలా! చెడ్డ పుస్తకము!" అని తరగతి యెదుట నవ్వి, దానిని బీరువాలో పెట్టి తాళము వేసితిని. ఒక్క పుటయైనను చదువలేదు. ఆ బాలుడు చదువవలసిన పుటలు ఇంక నలువది మాత్రమే మిగిలియుండెనని తరువాత తెలిసినది.

నా తొందరపాటునకు కారణము కొంత నా బాల్యములో నున్నది. 1990 ప్రాంతములో మన సీమలోను, సరిహద్దున కావల కన్నడదేశములోను, రాత్రివేళ తలుపు తట్టు నొక ఆడుదయ్యమును గూర్చి వదంతి పుట్టెను. ఇండ్ల తలుపులమీద "ఓ స్త్రీ రేపు రా" యని వ్రాసిరి; కన్నడమువారు "నాళె బా" యని వ్రాసిరి. ఆ వ్రాతలను చూచి భయపడిన పిల్లలలో నేను నొకడను. పెద్దవాడనై, ఉపాధ్యాయ శిక్షణ పొంది, మూఢవిశ్వాసములను మాన్పించుట నా విధి యని తలచితిని. విధి మంచిదే. కాని దానిని నిర్వర్తించుటకు పుస్తకమును చదువవలసిన పని లేదనుకొనుట తప్పు.

వేసవి సెలవులలో బీరువా సర్దుచుండగా ఆ పుస్తకము మరల నా చేతికి వచ్చెను. రెండు రాత్రులలో ముగించితిని. అది మహాగ్రంథమని చెప్పను. కాని చదువకమునుపు నేను చెప్పిన మాటలలో నొక్కటియు దానికి సరిగా అతుకలేదు. పాఠశాల తెఱచిన పిదప, తల్లిదండ్రుల యనుమతితో, పై తరగతుల వారిలో ఇష్టమైనవారు దానిని చదివి, శనివారపు పఠనగోష్ఠిలో తమ యభిప్రాయములను చెప్పునట్లు ఏర్పాటు చేసితిని. ఒక్క నిబంధన మాత్రమే పెట్టితిని: ప్రతి యభిప్రాయమునకు పుస్తకమునుండి యొక సాక్ష్యము చూపవలెను.

కథను కొంచెము చెప్పెదను. చలిదేశములోని యొక గ్రామమున నెత్తురు లేని శవములు కనబడుచుండును. కోటలో నివసించు యువకుడు వయసు మీఱనివాడు, పగలు బయటికి రానివాడు. అందఱును అతనినే అనుమానింతురు. అతనిని ప్రేమించిన బాలిక మాత్రము అసలు హంతకుని వెదకుచుండును. అంతము చెప్పను. హత్యాకథను గూర్చి వ్రాయువాడు హంతకుని పేరు వెల్లడించుట, విందునకు పోవువాని ఆకలిని త్రోవలోనే చంపుట వంటిది. ఇది మీరు నేర్వవలసిన మొదటి మర్యాద.

ఇక చదువరుల యభిప్రాయములను వినుడు.

పెనుకొండ బాలిక యొకతె ముందుగా లేచెను. 1565లో తళ్ళికోట యుద్ధము తరువాత విజయనగర ప్రభువులకు రాజధానియైన కోట నీడను పెరిగిన బిడ్డ గదా, కోటల విషయమున ఆమెను మోసగించుట కష్టము. "ఈ కథలోని కోట పేరునకే కోట. మూడవ ప్రకరణములో ఉత్తరమున నున్న మెట్లు హత్య జరిగిన రాత్రికి దక్షిణమునకు వచ్చినవి. హత్యాకథలో మెట్లు తప్పినచో సాక్ష్యమే తప్పును" అనెను. రెండు పుటలను తెఱచి చూపెను. ఆమె చెప్పినది నిజము. నేను చదివినప్పుడు అది నాకు తోచనేలేదు.

ధర్మవరపు నేతవారి బాలిక తన యింటి మాటతో చెప్పెను: "ప్రేమకథ పడుగు, హత్యాకథ పేక. మొదటి నూఱు పుటలలో పడుగే కాని పేక లేదు. పిమ్మట హఠాత్తుగా పేక మీద పేక కొట్టినారు. మగ్గము దిగిన చీర ఒకకొన పలుచన, ఒకకొన బిరుసు." ఇంతకంటె చక్కగా కథాసంవిధానపు దోషమును చెప్పిన వ్యాసమును నేను చదువలేదు.

హిందూపురపు వర్తకుని కుమారుడు పుస్తకము పక్షము వహించెను. హంతకుని పట్టించు ఆనవాళ్లను రచయిత్రి మూడు చోట్ల ముందుగానే బహిరంగముగా నుంచినదనియు, తూకములో మోసము లేదనియు అతని వాదము. ఇచ్చట గొప్ప చర్చ పుట్టెను. అపరాధ పరిశోధక నవలలు వ్రాసిన రోనాల్డ్ నాక్స్ అను ఆంగ్లేయ మతాచార్యుడు 1929లో అట్టి కథలకు పది నియమములను కూర్చెను. హంతకుడు కథారంభముననే కనబడవలెననుట యొకటి. మానవాతీత శక్తులను తీసికొనిరాకూడదనుట మఱియొకటి. అట్లైనచో రక్తపిశాచమున్న పుస్తకము న్యాయమైన హత్యాకథ యెట్లగును? వాదోపవాదముల పిమ్మట గోష్ఠి యొక తీర్పునకు వచ్చెను: పిశాచము ఏమి చేయగలదో, ఏమి చేయలేదో ముందే చెప్పి, కడవఱకు ఆ మాటను తప్పనిచో చదువరికి అన్యాయము లేదు. 1897లో బ్రామ్ స్టోకర్ ప్రకటించిన "డ్రాకులా"లో వాన్ హెల్సింగ్ అను పండితుడు చేయు పని యిదియే. శత్రువు బలమును, హద్దులను తోడివారికి ముందుగా వివరించును.

ప్రేమను గూర్చిన కఠినమైన మాటను చెప్పినది పదవ తరగతి బాలిక. "ఆమె నిద్రించుచుండగా అతడు ప్రతి రాత్రియు కిటికీయొద్ద నిలిచి చూచుటను ఈ పుస్తకము ప్రేమ యనుచున్నది. మా వీధిలో నట్లు చేసినవానిని మా అమ్మ చీపురుకట్టతో తరుమును" అనెను. అందఱును నవ్విరి, ఆమె నవ్వలేదు. ఆమె తప్పుపట్టినది కల్పనను కాదు, నిజజీవితములో ఆడుబిడ్డలకు కీడు చేయు నడతను అందముగా చూపుటను. నేను అట్టను చూచి భయపడితిని. ఆమె లోపలి పుటను చూచి తప్పు పట్టెను.

మా సహోపాధ్యాయులలో నొకరు సిలువను గూర్చి చెప్పిరి. ఇట్టి కథలలో సిలువ పిశాచమును తరుము తాయెత్తుగా మాత్రమే కనబడుచున్నదనియు, ప్రేమకును త్యాగమునకును గుర్తైన దానిని ఆయుధముగా చిన్నబుచ్చుట తమకు నచ్చలేదనియు వారి యభిప్రాయము. వారును పుట చూపియే చెప్పిరి.

విద్యార్థులారా, రక్తపిశాచ కథలు పడమటి దేశములనుండి వచ్చిన క్రొత్త వింత యని తలపకుడు. ఆంగ్లములో పోలిడోరి యను వైద్యుడు వ్రాయగా 1819లో వెలువడిన చిన్న కథతో ఆ వరుస ఆరంభమైనది. 2005లో వెలువడిన "ట్విలైట్" దానిని ఈనాటి బాలబాలికలకు చేర్చినది. మనకో, అంతకు ఎన్నియో శతాబ్దములకు పూర్వమే శవములో దూరి మాటలాడు బేతాళుడున్నాడు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరకవి సోమదేవుడు కూర్చిన "కథాసరిత్సాగరము"లో ఆ యిరువదియైదు కథలు కలవు. రిచర్డ్ బర్టన్ వానిలో కొన్నింటిని 1870లో ఆంగ్లములో వెలువరించి, పేరులోనే బేతాళుని "వాంపైర్" అనెను. మాట పూర్తిగా సరికాదు; బేతాళుడు ఈ కథలలో నెత్తురు త్రాగుటకు రాలేదు, ప్రశ్నించుటకు వచ్చినాడు. 1947 జూలైలో మదరాసున పుట్టిన "చందమామ" దశాబ్దములపాటు ఆ కథల నమూనాను ఇంటింటికి చేర్చినది. భుజమున శవము, చేత కత్తితో నడచు రాజు బొమ్మను మీ తాతలు నేటికిని మఱచియుండరు.

ఈ బేతాళకథల ప్రత్యేకత యేమి? కథ ముగియగానే బేతాళుడు రాజు నభిప్రాయమడుగును. తెలిసియు చెప్పకున్నచో తల పగులును. రాజు ఊరక "ఫలానివాడు" అని యూరకుండడు, కారణము చెప్పును. అనగా శ్రోత యభిప్రాయము లేనిదే యీ కథ పూర్తికాదు.

వానిలో నొక కథ మన విషయమునకు మిక్కిలి దగ్గఱ. హరిస్వామి యను యువకునికి భార్యయన్న ప్రాణము. ఒక రాత్రి ఆమె మాయమయ్యెను. విరహముతో దేశములు తిరుగుచు, ఆకలితో ఒక గృహస్థుని యింటికి వచ్చెను. ఇల్లాలు దయతో అన్నము పెట్టెను. అతడు దానిని చెట్టుక్రింద నుంచి కాళ్లు కడుగుకొనబోగా, కొమ్మపై వ్రాలిన డేగ గోళ్లలోని పాము నోటినుండి విషము అన్నములో పడెను. తిని, ఆ యిల్లాలే విషము పెట్టినదని నిందించి, అతడు మరణించెను. భర్త విచారింపకయే ఆమెను ఇల్లు వెడలగొట్టెను. హత్య యెవరిది? బేతాళుని ప్రశ్న యిది.

రాజు చెప్పిన సమాధానము వినుడు. పాము పరాధీనము, దానిది తప్పు కాదు. డేగ తన ఆహారమును తాను తెచ్చుకొన్నది, దానిదియు కాదు. అన్నము పెట్టినవారు ధర్మమే చేసిరి. కావున విచారింపక వీరిలో నొకరిని దోషి యని పలుకువాడెవడో ఆ పాపము వానిదే. ఈ కథను నేను బాల్యమునుండి యెఱుగుదును. కాని బీరువా తాళపుచెవి నా జేబులో నుండగా దానిని మరల చదివిననాడు మాత్రమే ఆ సమాధానము నన్ను గూర్చినదని గ్రహించితిని.

అట్లని క్షుద్రశక్తుల కథలను విమర్శింపరాదని నా భావము కాదు. 1980 దశకములో యండమూరి వీరేంద్రనాథ్‌గారి "తులసిదళము" తెలుగు చదువరులను రెండు పక్షములుగా చీల్చెను. "ఆంధ్రభూమి" వారపత్రికలో ధారావాహికముగా వచ్చిన ఆ నవలలో, తులసి యను పసిబాలికను క్షుద్రప్రయోగముచే చంపుటకు పన్నాగము పన్నుదురు. ఒకవంక వైద్యులు, మఱియొకవంక మాంత్రికులు ఆమెను రక్షింప యత్నింతురు. కథ ఊపిరి సలుపనీయదని లక్షలమంది మెచ్చిరి. రంగనాయకమ్మగారు మొదలగువారు అది మూఢవిశ్వాసమును పోషించునని తీవ్రముగా ఖండించిరి. ఆ భయము వట్టిది కాదు. తెలంగాణములో మెదకు మొదలగు ప్రాంతములలో బాణామతి చేసిరను అనుమానముతో నిరపరాధులను హింసించిన, చంపిన ఉదంతములు ఎన్నియో వార్తలకెక్కినవి. హరిస్వామి కథలోని యిల్లాలు కల్పితము. ఈ మనుష్యులు కల్పితులు కారు. కావున విమర్శ చేయుడు, గట్టిగా చేయుడు. కాని చదివి చేయుడు.

ఈ పాఠపు సారమును నాలుగు మాటలలో చెప్పెదను. మొదటిది: కడపటి పుటవఱకు చదివినగాని తీర్పు చెప్పకుడు, చదువలేకపోయినచో ఎచ్చట మానితిరో ఒప్పుకొనుడు. రెండవది: ప్రతి మాటకును పుటను సాక్షిగా పిలువుడు. మూడవది: "నాకు నచ్చలేదు" అనునదియు, "ఇది చెడ్డది" యనునదియు వేఱు మాటలని తెలియుడు; మొదటిది మీ రుచి, రెండవది పుస్తకముపై నేరారోపణ. నాల్గవది: పుస్తకముపై తీర్పు చెప్పుడు గాని, దానిని చదివినవానిపై చెప్పకుడు.

ఈ నాల్గవ మాట వెల నాకు తెలియును. గ్రంథాలయపు చిట్టా తిరుగవేయగా, నేను పుస్తకము లాగికొన్న దినము తరువాత ఆ బాలుని పేరు ఒక్కసారియైనను కనబడలేదు. అంతకు పూర్వము వారమున కొక పుస్తకము తీసికొనిపోయినవాడు! పిలిచి అడిగితిని. "పుస్తకము చెడ్డదని మీరు చెప్పితిరి గదా, అయ్యవారూ. అట్టివానిని చదువువాడనగుటచే నేనును చెడ్డవాడ ననుకొంటిని" అని తల వంచుకొనెను.

మఱునాడు ఏ తరగతి యెదుట నవ్వితినో ఆ తరగతి యెదుటనే, చదువక తీర్పు చెప్పితినని ఒప్పుకొని, పుస్తకమును అతని చేతి కిచ్చితిని. పుచ్చుకొనెను గాని వెంటనే తెఱవలేదు. ఆనవాలుగా పెట్టుకొన్న రైలు టికెట్టు నలువది పుటల ముందు అట్లే యున్నదా యని మాత్రము చూచుకొనెను. ఉన్నది. నే నేదో చెప్పబోవునంతలో చేయి యెత్తి, "హంతకుడెవరో మాత్రము చెప్పకుడు, అయ్యవారూ!" అనెను.

నేను చెప్పలేదు. సోమవారము అతడు తన యభిప్రాయమును వ్రాసి తెచ్చెను. రచయిత్రి మెట్లను ఎచ్చట మఱచినదో పెనుకొండ బాలిక కంటె మఱియొక చోట కూడ చూపియుండెను. పుట సంఖ్యతో సహా.