రాక్ ఆల్బములు – ఒక పాత విద్యార్థి అభిప్రాయాలు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాయమని వార్డెన్ గారు కబురు చేశారు. పాత విద్యార్థులు ఇలాంటి సంచికల్లో పోటీ పరీక్షల గురించో, ఆంగ్లం మాట్లాడే పద్ధతి గురించో రాస్తుంటారు. అవి అవసరమే, కాదనను. కానీ నేను రాక్ సంగీతం గురించి రాస్తానని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "సరే, పిల్లలకు అర్థమయ్యేటట్టు రాయి" అన్నారు. అందుకే పాఠం చెప్పినట్టు రాస్తున్నాను. తప్పులుంటే అన్నలు మన్నించాలి.

ముందు ఈ పిచ్చి నాకెలా పట్టిందో చెప్పాలి. 6వ తరగతి నుండి 10వ తరగతి వరకు నేను ఇక్కడే ఉన్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. తర్వాత ఎమ్మెస్సీ ఫిజిక్స్ సీటు వచ్చి యూనివర్సిటీ హాస్టల్‌కు వెళ్ళాను. అక్కడ నా గదిలో ఒక అబ్బాయి ఎప్పుడూ చెవుల్లో ఇయర్ ఫోన్లు పెట్టుకుని తల ఊపుతూ ఉండేవాడు. ఏం వింటున్నావని ఒకరోజు అడిగాను. "ఇది నీకు ఎక్కదులే, మీకు డప్పుంది కదా" అని నవ్వాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అతను వినే పేర్లు గుర్తుపెట్టుకుని నా ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను. కోపంతో మొదలైన పని అది. రెండేళ్ళయింది, ఇంకా వింటూనే ఉన్నాను.

ఆల్బమ్ అంటే ఏమిటో ముందు తెలుసుకుందాం. మనకు పాట అంటే సినిమా పాట. ఒకటి నచ్చితే దాన్నే పది సార్లు వింటాం. రాక్ బృందాలకు అలా కాదు. ఎనిమిదో పదో పాటలు కలిపి ఒక పుస్తకంలాగా తయారుచేస్తారు, అదే ఆల్బమ్. పూర్వం గ్రామఫోన్ రికార్డుకు ఒక్కో పక్క సుమారు ఇరవై నిమిషాలు పట్టేది కాబట్టి మొత్తం నలభై నిమిషాలు ఉండేది. ఏ పాట ముందు రావాలి, పక్క తిప్పాక ఏది రావాలి అన్నదంతా ఆలోచించి పెట్టేవారు. కాబట్టి మధ్యలో ఒక పాట విని బాగాలేదనడం, నవలలో ఏడో అధ్యాయం చదివి అర్థం కాలేదన్నట్టే.

ఇక ఇది ఎవరి సంగీతం? నా గదిలోని అబ్బాయికి తెలియని సంగతి ఇదే. రాక్‌కు వేరు అమెరికాలోని నల్లజాతి వారి బ్లూస్, చర్చి పాటలు. సిస్టర్ రొసెట్టా థార్ప్ అనే నల్లజాతి స్త్రీ 1940లలోనే ఎలక్ట్రిక్ గిటార్ మోగిస్తూ దేవుని పాటలు పాడింది. రాక్ కళాకారుల గౌరవ జాబితాలో ఆమె పేరు చేరింది 2018లో. విల్లీ డిక్సన్ అని మిసిసిపీలో పుట్టిన బ్లూస్ రచయిత ఉండేవాడు. ఇంగ్లండుకు చెందిన లెడ్ జెప్లిన్ బృందం 1969 నాటి తమ రెండో ఆల్బమ్‌లోని పేరుమోసిన పాటలో ఆయన మాటలు వాడుకుంది, పేరు మాత్రం వేయలేదు. ఆయన 1985లో దావా వేస్తే 1987లో రాజీ కుదిరింది. ఆ తర్వాతే ఆ పాటకు ఆయన పేరు చేరింది. లెడ్ జెప్లిన్ గిటార్ నాకూ ఇష్టమే. కానీ ఆ పాట వచ్చినప్పుడల్లా డిక్సన్ గుర్తొస్తాడు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన బృందం, బ్లాక్ సబ్బాత్ గురించి. దయ్యాల పేరులా ఉందని భయపడకండి. నలుగురూ ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరంలోని ఆస్టన్ పేట పిల్లలు, అంతా కార్మిక కుటుంబాలు. గాయకుడు ఆజీ ఆస్బోర్న్ కబేళాలో పనిచేశాడు. గిటారిస్టు టోనీ అయోమీ 17 ఏళ్ళ వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనికి వెళ్ళేవాడు. పని మానేసే ఆఖరి రోజున యంత్రం కింద పడి అతని కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం మనిషి, తీగలు నొక్కాల్సింది ఆ కుడి చేతి వేళ్ళతోనే! ఇక గిటార్ మానుకోవలసిందే అనుకున్నాడు. అప్పుడు ఫ్యాక్టరీ మేనేజరు జాంగో రీన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. రీన్‌హార్ట్ అగ్నిప్రమాదంలో చెయ్యి కాలి, రెండు వేళ్ళతోనే గిటార్ వాయించిన జాజ్ కళాకారుడు. అది విన్నాక టోనీ అంట్లు తోమే సబ్బునీళ్ళ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, పైన పాత తోలుకోటు ముక్క అంటించాడు. గట్టి తీగలు నొక్కలేక బ్యాంజో తీగలు తెచ్చి గిటార్‌కు కట్టుకున్నాడు.

వాళ్ళ మొదటి ఆల్బమ్ 1969 అక్టోబరులో ఒక్క రోజులో రికార్డయింది. 1970 ఫిబ్రవరి 13న విడుదలైంది. పత్రికల విమర్శకులు తిట్టారు, జనం కొన్నారు. అదే ఏడాది వచ్చిన ‘పారనాయిడ్’లో మొదటి పాట వియత్నాం యుద్ధకాలంలో యుద్ధాలు నడిపే పెద్దల మీద కోపంతో రాసింది. నాకు మాత్రం 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ అన్నిటికంటే గొప్పది. అందులో కొన్ని పాటలకు టోనీ తీగలను వదులు చేసి శ్రుతిని మూడు మెట్లు కిందికి దించాడు. వేళ్ళకు నొప్పి తగ్గడం దానికి ఒక కారణం.

ఇక్కడ కొంచెం ఫిజిక్స్. తీగ పౌనఃపున్యం దాని తన్యత వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. గిటార్‌లో లావు తీగ మామూలుగా 82 హెర్ట్‌జ్ దగ్గర మోగుతుంది. మూడు మెట్లు దించితే 69 అవుతుంది. లెక్క వేసి చూడండి, బిగువు దాదాపు 30 శాతం తగ్గుతుంది. మన డప్పు సంగతి దీనికి తలకిందులు. మంట దగ్గర కాచితే చర్మం బిగిసి శ్రుతి పైకి లేస్తుంది, ఖణేల్‌మంటుంది. బిగిస్తే అటు, వదిలితే ఇటు, సూత్రం ఒకటే. డప్పు కాచిన చేతులకు ఇది ఎక్కకపోవడమేమిటి? ఆ మాట అప్పుడే అనవలసింది, అప్పటికి నాకు తెలియదు.

మా నాన్న మార్టూరు దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పనిచేస్తాడు. సెలవులకు వెళ్ళినప్పుడు ఆ ఆల్బమ్‌లో ఆఖరి పాట ఫోన్లో పెట్టి వినిపించాను. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, "ఏందిరా ఇది, మిషను బెల్టు లూజయినట్టుందే" అన్నాడు. ఏ విమర్శకుడూ ఇంత సరిగ్గా చెప్పలేదు. తమ ఊరి ఫ్యాక్టరీల మోత తమ పాటల్లో ఉందని ఆ బృందం వాళ్ళే చెప్పేవారు. ఆజీ 2025 జూలై 5న ఆస్టన్‌లోనే ఆఖరి కచేరీ చేసి, అదే నెల 22న చనిపోయాడు. ఆ రోజు నేను మెస్సులో భోజనం చేయలేదు.

పింక్ ఫ్లాయిడ్ గురించి రాయకపోతే అభిమానులు ఊరుకోరు. 1973 నాటి ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ చీకట్లో పడుకుని వినాలి, చాలా బాగుంటుంది. 1979 నాటి ‘ద వాల్’ మాత్రం రెండు రికార్డుల పొడవు, నాకు సగంలోనే విసుగొచ్చింది. రేడియోహెడ్ వారి ‘ఓకే కంప్యూటర్’ (1997) వింటూ మూడుసార్లు నిద్రపోయాను, నాలుగోసారి నచ్చింది.

నిర్వాణ బృందం పేరు టీ షర్టుల మీద మీరు చూసే ఉంటారు. వాషింగ్టన్ రాష్ట్రంలో కలప పని చేసుకునే అబర్డీన్ అనే చిన్న ఊరి వాళ్ళు. మొదటి ఆల్బమ్ ‘బ్లీచ్’ (1989) రికార్డింగుకు అయిన ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. అదీ ఒక స్నేహితుడు కట్టాడు. ఒక్క తీగ వాయించకపోయినా అట్ట మీద అతని పేరు వేశారు! 1991 సెప్టెంబరులో ‘నెవర్‌మైండ్’ వచ్చింది. కంపెనీ అమెరికాలో మొదట సుమారు 46,000 కాపీలే వేసింది. 1992 జనవరికి అది మైకేల్ జాక్సన్ ఆల్బమ్‌ను దించి మొదటి స్థానానికి చేరింది. అయినా నా ఓటు 1993 నాటి ‘ఇన్ యుటెరో’కే. దాన్ని రికార్డు చేసిన స్టీవ్ అల్బీనీ అమ్మకాల మీద వాటా వద్దన్నాడు. ప్లంబరుకు ఇచ్చినట్టు చేసిన పనికి డబ్బు ఇస్తే చాలని ముందే ఉత్తరం రాశాడు. వాటా తీసుకుని ఉంటే ఎన్నో రెట్లు వచ్చేది. పాటగాడు కర్ట్ కొబేన్ 1994 ఏప్రిల్‌లో, 27 ఏళ్ళకే, ఆత్మహత్య చేసుకున్నాడు. కొందరు అభిమానులు ఆ చావును గొప్పగా చెప్పుకుంటారు. నాకది అసలు నచ్చదు. అతను బతికి ఉంటే ఇంకెన్ని ఆల్బములు వచ్చేవో!

తమ్ముళ్ళూ, ఇంగ్లీషు అర్థం కాదని భయపడవద్దు. నాకు మొదట ఒక్క ముక్క అర్థం కాలేదు. మొదటిసారి చప్పుడు మాత్రమే వినండి, డ్రమ్ము ఎక్కడ ఆగుతుందో గమనించండి. రెండోసారి పాట మాటలు ఎదురుగా పెట్టుకుని వినండి. నిఘంటువు పక్కన ఉంచుకోండి. స్టడీ అవర్‌లో మాత్రం వద్దు, వార్డెన్ గారు నన్ను అడుగుతారు.

మొదట వినవలసింది ట్రేసీ చాప్‌మన్ 1988లో తన పేరుతోనే తెచ్చిన ఆల్బమ్. ఇది రాక్ కాదు, జానపదం అని కొందరంటారు, అననివ్వండి. ఆమె క్లీవ్‌లాండ్ నగరంలో పేద నల్లజాతి కుటుంబంలో పుట్టింది. తల్లి ఒక్కతే పెంచింది. స్కాలర్‌షిప్ మీద వేరే రాష్ట్రంలోని బోర్డింగు స్కూలుకు వెళ్ళింది, అంటే మనలాగే హాస్టల్ పిల్ల. ఆ స్కూలు మతబోధకుడు చందాలు పోగుచేసి ఆమెకు కొత్త గిటార్ కొనిపెట్టాడు. 1988 జూన్ 11న లండన్‌లో నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు కచేరీ జరిగింది. స్టీవీ వండర్ వాద్య పరికరంలో ఒక భాగం కనబడకపోవడంతో ఆయన పాడలేకపోయాడు. ఖాళీ నింపడానికి ఈమెను మళ్ళీ వేదిక మీదికి పంపారు. ఒక్క గిటార్‌తో పాడింది. ఆ తర్వాత ఆల్బమ్ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి చేరింది. అందులోని ‘ఫాస్ట్ కార్’ను 2023లో వేరే గాయకుడు మళ్ళీ పాడితే, అమెరికా కంట్రీ సంగీత సంఘం ఆ ఏటి ఉత్తమ గీతం అవార్డు ఆమెకు ఇచ్చింది. నల్లజాతి రచయితకు ఆ అవార్డు రావడం అదే మొదటిసారి.

ఆ పాటలోని అమ్మాయి తాగుబోతు తండ్రిని చూసుకోవడానికి చదువు మానేస్తుంది. ఊరు విడిచి వెళ్ళి కొట్లో పనికి కుదురుతుంది. అయినా బతుకు మారదు. నేను ఈ హాస్టల్లో చేరిన ఏడాదే మా అక్క 9వ తరగతి మానేసి మిరప కోతలకు వెళ్ళింది. మా నాన్న తాగడు. ఇంట్లో ఇద్దర్ని చదివించే స్తోమత లేదు, అంతే. పోయిన సంక్రాంతికి అక్క పుట్టింటికి వచ్చినప్పుడు ఆ పాట పెట్టి, ఒక్కొక్క మాటా ఆపి తెలుగులో చెప్పాను. అంతా విని, "ఆ పిల్ల మళ్ళీ చదువుకుందా?" అని అడిగింది.

పాటలో ఆ సంగతి లేదక్కా అన్నాను. మళ్ళీ పెట్టమంది.