బుగ్గ మీద ఎరుపా, పసుపా?

రా చెల్లీ, ముందు టీ తాగు. గాజుతొట్టె సంగతి తర్వాత చూద్దాం. పిల్లాడు మారాం చేశాడని విశాఖలో అరచేతిలో పట్టేంత తాబేలు కొని అరకు తెచ్చేశాం. ఇప్పుడేమో అది ఏ రకమో తెలీక మనకి బెంగ. ఆ మాత్రానికే నిద్ర మానుకుంటామా?

బుగ్గ చూడు. కంటి వెనకాల కుంకుమ దిద్దినట్టు ఎర్ర చార ఉంటే రెడ్ ఇయర్డ్ స్లైడర్. పసుపు ముద్ద అద్దినట్టుంటే ఎల్లో బెల్లీడ్. సన్నటి పసుపు చారే ఉంటే కంబర్లాండ్. తేలలేదా? మెల్లగా ఎత్తి పొట్ట కింద చూడు. ఎర్ర చెవిదానికి పలక పలకకీ నల్ల మచ్చ ఉంటుంది. పసుపు పొట్టదానికి ముందు వైపు కొన్ని చుక్కలు, అంతే. చూశాక చేతులు సబ్బుతో కడుక్కో, పిల్లాడి చేత కూడా కడిగించు. వీటి ఒంటి మీద సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉంటుందనే అమెరికాలో 1975లో 4 అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకం ఆపేశారు.

అయినా పోలిక కుదరకపోతే కంగారెందుకు? మూడూ ఒకే జాతిలో ఉపజాతులు, అక్కచెల్లెళ్ల లాంటివి. కలిసి పిల్లల్ని పెడితే రెండు పోలికలూ వస్తాయి. మగవి ముదిరితే నల్లబడి చారలే మాసిపోతాయి. ఐరోపా వాళ్లు 1997లో ఎర్ర చెవిదాన్ని రానివ్వకుండా ఆపితే, వ్యాపారులు పసుపు పొట్టదాన్ని తెచ్చి అమ్మారు. చివరికి 2016లో జాతి మొత్తాన్నీ ఆపాల్సొచ్చింది. బుగ్గ రంగు ఏదైనా తిండీ బుద్ధీ ఒకటే మరి!

అసలు బెంగ వేరే ఉంది కదూ? ఇది పళ్లెమంత పెరుగుతుంది, ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుంది. అప్పుడు గెడ్డలో వదిలేద్దామనిపిస్తుంది. వద్దమ్మా! వదిలింది అక్కడే ఉండిపోదు, కొండ నీళ్లు కిందికి పారతాయి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనియే తాటిపూడి జలాశయంలోకి వెళ్తుంది. మన నీళ్లలోని తాబేళ్లకి దక్కాల్సిన మేతా, ఎండ కాగే రాళ్లూ ఇది లాక్కుంటుంది.

అందుకని పెద్ద తొట్టె కొందాం. ఎక్కి కూర్చోడానికి రాయి పెడదాం. అరకు చలికి మేత మానేస్తుంది కాబట్టి వెచ్చటి దీపం కూడా ఉండాలి. సాకలేమనుకుంటే, సాకగలిగినవాళ్లకే అప్పగిద్దాం. డిప్ప మీద నక్షత్రాలున్న నేల తాబేలు మాత్రం ఎవరిచ్చినా తీసుకోకు. 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు, అటవీశాఖ వాళ్లకి చెప్పాల్సిందే.

ఇంతకీ, దీనికి మనవాడు ఏం పేరు పెట్టాడే?