పడిశము పట్టిన తొలిదినము

ఈశాన్యపు ముసురు పట్టినంతనే మన బోగోలు ప్రాంతపు పల్లెలలో రెండు పనులు ఒక్కమారే ఆరంభమగుచుండును. ఒకటి వరినాట్లు, రెండవది జలుబులు. దీనిని కొందరు పడిశమందురు, కొందరు రొంప అందురు. పేరేదైనను, మడిలో నడుము వంచి నిలిచిన మనిషికి ముక్కు కారి, గొంతు గరగరలాడి, తల బరువెక్కినచో ఆనాటి పని సగము చెడినట్లే. నారు ముదిరిన పిదప నాటిన పైరు చక్కగా పిలకలు వేయదు గనుక రైతు ఆగజాలడు. దినకూలి పోవునని కూలివారును ఆగజాలరు. కావుననే, జలుబును మొదటనే అణచివేయు గృహవైద్యమేదైన కలదా యను ప్రశ్న ఏటేట ఈ కాలమున వినబడుచుండును.

ఉన్నమాట ముందుగా చెప్పుట మేలు. జలుబును తొలిదినముననే తెగగోసి పారవేయు మందు నేటివరకు ఏ వైద్యమందును లేదు. దీనిని కలిగించునవి కంటికి కానరాని వైరసులు. వానిలో మిక్కిలి తరచుగా తగులునది రైనో వైరసు. ఈ జాతిలో నూటయరువదికి పైగా రకములున్నట్లు ఇప్పుడు తెలియుచున్నది. ఒక రకము వచ్చి పోయినను మరియొక రకము వచ్చుటకు అడ్డు లేదు; ఇందుచేతనే దీనికి టీకాయు కుదురలేదు. సాధారణముగా వారము పది దినములలో దేహమే ఈ వ్యాధిని త్రోసివేయును. మందు వేసిన వారము, వేయకున్న ఏడు దినములు అని జనులు నవ్వులాటకు చెప్పుకొనుమాట శాస్త్రమునకు మిక్కిలి దగ్గరగా నున్నది.

అట్లయిన తొలిదినమున చేయదగినదేమియు లేదా? కలదు. బాధను తగ్గించుకొనవచ్చును, ఒడలు తన పని తాను చేయుటకు సందీయవచ్చును, ప్రక్కవారికి తగులకుండ చూడవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, జలుబు కానిదానిని జలుబని పొరబడకుండ మెలకువ వహింపవచ్చును.

నీళ్లలో కాళ్లు నానిన జలుబు చేయునని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాటను వైద్యులు చాలకాలము నమ్మలేదు. ఇంగ్లండులోని సాల్స్‌బరీ యొద్ద 1946లో స్థాపింపబడి నలుబదియేండ్లకు పైగా నడచిన జలుబు పరిశోధనాలయమున, ఇష్టపూర్వకముగా వచ్చిన జనులను తడిబట్టలతో చలిగాలిలో నిలిపి చూచిరి. చలి మాత్రముచే జలుబు రాలేదు. అయితే వేల్సు దేశపు కార్డిఫ్ నగరమున జరిగి 2005లో ప్రకటింపబడిన పరిశోధన మరియొక సంగతి తెలిపినది. 180 మందిని రెండుభాగములు చేసి, ఒక భాగమువారి కాళ్లను ఇరువది నిమిషములు చన్నీటిలో ఉంచిరి. రెండవ భాగమువారి కాళ్లను నీరులేని తొట్టిలో ఉంచిరి. తరువాతి నాలుగైదు దినములలో చన్నీటిలో కాళ్లు పెట్టిన 90 మందిలో 13 మంది తమకు జలుబు లక్షణములు కలిగినవని చెప్పగా, తక్కిన 90 మందిలో అయిదుగురే చెప్పిరి. ఇది వారు చెప్పిన లక్షణముల లెక్కయే. చలి వైరసును పుట్టింపదు. ముందే ముక్కులో దాగియున్నదానికి అదను కల్పించునేమో యని ఆ పరిశోధకుల ఊహ. పెద్దలమాట పూర్తిగా కొట్టివేయదగినది కాదని మా అభిప్రాయము. మడినుండి గట్టెక్కగానే కాళ్లు గోరువెచ్చని నీట కడిగి, పొడిగుడ్డతో తుడిచి, తడిసిన పంచెయో చీరయో మార్చుకొనుటకు కానీ ఖర్చు లేదు.

నిద్ర సంగతి ఇంతకంటె గట్టిది. అమెరికాలో 164 మంది ముక్కులలో జలుబు వైరసు చుక్కలు వేసి చూచి 2015లో వ్రాసిన దానినిబట్టి, ఏడుగంటలకు పైగా నిద్రించువారికంటె ఆరుగంటలకు తక్కువ నిద్రించువారికి జలుబు తగులు అవకాశము నాలుగింతలు. నాట్లకాలమున రాత్రియంతయు మోటారుకొట్టము వద్ద కావలియుండి తెల్లవారి మడిలో దిగువారు ఈ సంఖ్యను మనసున నుంచుకొనవలెను. జలుబు తొలిచిహ్నము కనబడిన రాత్రి కావలిపని ఇంటిలో మరియొకరికి అప్పగించి నిద్రించుట, దుకాణమున దొరకు ఏ మాత్రకును తీసిపోని చికిత్స.

ఇక వంటింటి మందులు. మిరియాలచారు, శొంఠికషాయము, నాటుకోడిరసము మొదలగువాని గుణమంతయు దినుసులోనే కలదని మనమనుకొందుము. అందులో కొంత వేడిది కూడ. కార్డిఫ్‌లోనే 30 మంది జలుబురోగులపై చేసి 2008లో ప్రకటించిన పరీక్షలో, ఒకే పండ్లపానీయమును కొందరికి వేడిగను, కొందరికి చల్లారినదిగను ఇచ్చిరి. రెండును ముక్కుకారుట, తుమ్ములు, దగ్గు తగ్గించినవి. గొంతునొప్పి, చలి, అలసట తగ్గించినది మాత్రము వేడిదే. కావున మన ఇండ్లలో చేయు కషాయము మంచిదే. రెండులోటాల నీళ్లలో చిటికెడు శొంఠిపొడి, దంచిన మిరియాలు నాలుగైదు, గుప్పెడు తులసియాకులు వేసి ఒకలోటా అగునట్లు కాచి, వడగట్టి, కొంచెము బెల్లము కలిపి, వేడివేడిగా గుక్కగుక్కగా త్రాగవలెను. మధుమేహము గలవారు బెల్లము మానవలెను. కడుపులో మంట గలవారు మిరియాలు తగ్గించుకొనవలెను. ఘాటెక్కువైన గుణమెక్కువయని గుప్పెడు మిరియాలు వేయువారు లేకపోలేదు. వారికి జలుబుతోపాటు కడుపుమంట అదనము.

ఉప్పునీటి పుక్కిలింత మరియొకటి. గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు వేసి, దినమునకు మూడుమార్లు గొంతువరకు పుక్కిలించి ఉమ్మివేసినచో గొంతుగరగర శమించును. జపానులో 387 మంది ఆరోగ్యవంతులపై జరిపి 2005లో ప్రకటించిన పరీక్షలో, ఊరక మంచినీటితో పుక్కిలించిన వారికే జలుబులు మూడవవంతుకు పైగా తగ్గినవి. అయోడిను కలిపిన మందునీటివలన అంత లాభము కనబడలేదు. ఇది రాకుండ కాచుకొను ఉపాయమేగాని వచ్చినదానిని కుదుర్చు సంగతి కాదు. అయినను ఉత్తనీరు మందునీటిని మించుట మాకు వింతగా తోచినది.

వావిలాకో నీలగిరితైలమో వేసి ఆవిరి పట్టుట మన దేశాచారము. ముక్కు కొంతసేపు తెరపి యిచ్చుమాట నిజమే. వ్యాధి త్వరగా పోవునని మాత్రము పరిశోధనలలో నిలకడగా తేలలేదు. మరుగుచున్న గిన్నెపై దుప్పటి కప్పుకొని కూర్చున్నప్పుడు గిన్నె దొర్లి తొడలు కాలుట మాత్రము తరచుగా సంభవించు ఆపద. పిల్లలకు ఈ విధముగా ఆవిరి పట్టనేకూడదు. పెద్దలు పట్టినను పొయ్యిమీదనుండి దించి, కదలనిచోట నుంచి, దూరముగా కూర్చుండవలెను. పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్చుటయు కలదు. మేమును చిన్ననాట పీల్చినవారమే. ముక్కు భగ్గుమని నీరు కారిన మాట జ్ఞాపకమున్నది, కుదిరిన మాట జ్ఞాపకము లేదు. ఉబ్బసము గలవారు ఆ పొగ దరికి పోకూడదు.

నిమ్మ, ఉసిరి విషయమున ఒక్కమాట చాలును. ఏడాదిపొడుగున విటమిను సి తీసుకొనువారికి జలుబుకాలము పెద్దలలో నూటికి 8 వంతులు, పిల్లలలో 14 వంతులు తగ్గునని తేలినది. జలుబు పట్టిన పిదప మొదలుపెట్టినవారికి లాభము నిలకడగా కనబడలేదు. పొదలకూరు, గూడూరు నిమ్మతోటలు ప్రక్కనే యున్న మనకు, రోజును మజ్జిగలోనో పప్పులోనో నిమ్మకాయ పిండుకొనుట కష్టము కాదు.

పసిబిడ్డల విషయమున పెద్దల మందులు పనికిరావు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదు; అందు దాగియుండు ఒక సూక్ష్మజీవివలన ప్రాణాపాయము కలుగవచ్చును. ఏడాది దాటిన బిడ్డకు చెంచాలో సగము తేనె రాత్రి దగ్గును తగ్గించును. పసివారి ముక్కులో నూనె పోసినచో అది ఊపిరితిత్తులలోనికి దిగి చెరుపు చేయును. కర్పూరము విషము, ముక్కువద్ద పూయకూడదు, మింగనీయకూడదు. దుకాణమున అడిగి తెచ్చిన దగ్గుమందు పోయకూడదు. 2025లో మధ్యప్రదేశమందలి ఛింద్వాడా జిల్లాలో డైఇథిలీన్ గ్లైకాల్ అను విషము కలిసిన దగ్గుమందు త్రాగి అనేకులు పసిపిల్లలు మూత్రపిండములు చెడి మరణించిరి. ఆ తల్లిదండ్రులు పోసినది జలుబుకే.

బిడ్డకు జలుబు చేసినప్పుడు మందుసీసాకంటె గడియారము ముఖ్యము. బిడ్డ నెమ్మదిగా నున్నప్పుడు రొమ్ము ఎగసిపడుటను నిండునిమిషము లెక్కింపవలెను. రెండునెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, అయిదేండ్ల లోపు బిడ్డకు 40, లేక అంతకు మించిన ఊపిరులున్నను, డొక్కలు ఎగురవేయుచున్నను, పాలు త్రాగలేకున్నను అది జలుబు కాదు, న్యుమోనియా కావచ్చును. అప్పుడు కషాయము కాచుచు కూర్చుండక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. పెద్దలలో రెండువారములు దాటిన దగ్గునకు కఫపరీక్ష చేయింపవలెను. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో దానికి రుసుము లేదు.

ఒక్క సూదితో తగ్గిపోవునని పల్లెలలో గట్టి నమ్మకము. యాంటీబయాటిక్కులు బాక్టీరియాను చంపునేగాని వైరసును తాకవు. ఊరక వాడినకొలది నిజముగా అవసరమైననాడు అవి పనిచేయవు.

జలుబు ఊరిలో ప్రాకుట చాలవరకు గట్టుమీదనే జరుగును. నాటుగుంపు అంతయు ఒకే చెంబు నోటికెత్తి నీరు త్రాగుదురు. ముక్కు చీదిన చేతితోనే నారుకట్టలు అందించుకొందురు. వైరసు చేతులపై కొన్నిగంటలు బ్రదుకగలదు. ప్రతివారును తమ గ్లాసు తాము తెచ్చుకొనుట, గట్టుమీద ఒక సబ్బుబిళ్ల ఉంచుట మేలు. జలుబు చేసిన కూలిని ఆ దినము ఇంట నుండమని చెప్పుట సులభము. ఆమె కూలి ఎవరిత్తురు? దీనికి మావద్ద మంచి జవాబు లేదు. ఒక పూట వేరుగా కట్టలు విప్పు పని యిచ్చి కూలి తగ్గింపని రైతులు చేయుచున్నది న్యాయముగా తోచుచున్నది.

కడపట, జలుబువలె కనబడి జలుబు కానివి రెండు. నూర్పిళ్లనాడు ఊకదుమ్ము ముక్కున చేరి తుమ్ములు వచ్చుట ఒకటి. దీనికి జ్వరముండదు, కళ్లు దురదపెట్టును, కళ్లము వదలిన తగ్గును, మూతికి గుడ్డ కట్టుకొనుటయే దాని మందు. రెండవది ప్రాణాంతకము. ఆర్గానోఫాస్ఫేటు జాతి పురుగుమందు చల్లి వచ్చినవానికి ముక్కు కారును, కళ్లనీరు కారును, నోట చొల్లు ఊరును, చెమట పట్టును, రొమ్ము బిగించును. ఎండలో పడిశము పట్టినదని శొంఠి త్రాగి పండుకొనినవాడు లేవకపోవచ్చును. పైలక్షణములతోపాటు వాంతి, కండరముల అదురు, కంటిపాప గుండుసూదితలయంతగా ముడుచుకొనుట కనబడినచో మరి సందేహము లేదు. వెంటనే బట్టలు విప్పించి, సబ్బునీటితో ఒళ్లు కడిగి, 108కి ఫోను చేయవలెను; కడుగువారు ఆ నీరు తమకు తగులకుండ చేతులకు తొడుగులు వేసికొనవలెను. పురుగుమందు డబ్బాను దాచిపెట్టక, దానిమీది చీటీ చిరుగకుండ, రోగితోపాటే వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను.