పెద్దవాళ్లు పడకుండా చూసే ఉద్యోగం

నీట్ ర్యాంకు వచ్చిన రోజు నుంచి బైపీసీ పిల్లల ఇళ్లలో ఒకటే చర్చ. ఎంబీబీఎస్ రాకపోతే ఏం చేద్దాం? బీడీఎస్సా, అగ్రికల్చరా, ఫార్మసీయా, నర్సింగా? ఈ చర్చలో ఎవరూ ఎత్తని పని ఒకటుంది. అరవై, డెబ్బై దాటి సొంత ఇంట్లో కాలక్షేపం చేస్తున్నవాళ్లు కాలు జారో, తూలో పడిపోకుండా చూసే పని. ఈ పేరుతో డిగ్రీ ఉండదు, ఉద్యోగ ప్రకటన కూడా కనిపించదు. అయినా దీన్ని శ్రద్ధగా నేర్చినవాళ్లకు వచ్చే ఇరవై, ముప్ఫై ఏళ్లు పనికి కరువుండదని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే, 2011 జనాభా లెక్కల నాటికి మన దేశంలో అరవై దాటినవాళ్లు 10 కోట్ల పైచిలుకు. 2050 నాటికి ఆ సంఖ్య 34 కోట్లు దాటుతుందని, ప్రతి ఐదుగురిలో ఒకరు పెద్దవయసువాళ్లే ఉంటారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో అంచనా వేసింది. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ప్రమాదవశాత్తూ తగిలే గాయాల వల్ల వచ్చే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. హెల్మెట్ గురించి, సీటు బెల్టు గురించి ఊరూరా బోర్డులు పెడతారు. బాత్‌రూమ్ గురించి ఎవరూ పెట్టరు.

మన దగ్గర పరిస్థితి మీకు తెలిసిందే. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లో, కరీంనగర్ వైపు, పెద్ద ఇల్లు కట్టుకుని అందులో ఇద్దరే ఉంటారు, లేదా ఒక్కరే ఉంటారు. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటారు. తల్లి పడిందని ఫోన్ వచ్చాక విమానం టికెట్లు వెతుక్కుంటారు. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, ఆ తర్వాత నెలల తరబడి ఇంకొకరి మీద ఆధారపడటం. విరగకపోయినా భయం పట్టుకుంటుంది. మళ్లీ పడతానేమో అని నడక మానేస్తారు, నడక మానేస్తే తొడ కండరాలు సన్నబడతాయి, ఆ బలహీనతతో మళ్లీ పడతారు. ఆసుపత్రిలో ఎముక అతికించేవాళ్లు ఉన్నారు. ఆ ఇంటికి వెళ్లి, ఆమె ఎందుకు పడిందో చూసేవాళ్లు మాత్రం దాదాపు లేరు. ఆ ఖాళీలోకి మీరు వెళ్లాలని ఈ వ్యాసం.

ఒక్క కారణంతో ఎవరూ పడరు

రాత్రి రెండింటికి మూత్రానికి లేచిన పెద్దాయన్ని తీసుకోండి. బీపీకి ఒక బిళ్ల, ప్రోస్టేట్‌కి ఇంకోటి వేసుకున్నారు. ఈ రెండూ కలిస్తే, పడుకున్న మనిషి లేచి నిలబడగానే రక్తపోటు దిగిపోవచ్చు. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే. దానికి తోడు నిద్రమాత్ర మత్తు. పాతికేళ్ల షుగర్ వల్ల పాదాలకు స్పర్శ సరిగ్గా తెలియదు. ఒక కంట్లో శుక్లం. లైటు స్విచ్చి మంచానికి అందదు. బాత్‌రూమ్ గడప రెండంగుళాలు ఎత్తు, లోపల నేల తడి. జారింది తడి నేల మీదే, కానీ ఆ పడటం మంచం దగ్గరే మొదలైంది.

ఈ వృత్తి అందం అక్కడే ఉంది. ఆ వరుసలో ప్రతి కారణానికీ ఒక నిపుణుడి పని ఉంది: మందుల లెక్క, కాళ్ల బలం, చూపు, ఇంటి అమరిక, రోజువారీ తోడు. మీరు ఏ తలుపు నుంచి వచ్చినా మిగతా వాటి మీద కన్నుండాలి.

ఇదంతా ఊహాగానమేమో అనే అనుమానం అక్కర్లేదు. వైద్య అధ్యయనాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2019లో 108 అధ్యయనాలను కలిపి చూసింది. వ్యాయామాలు చేసినవాళ్లలో మొత్తం మీద పడటాలు 23 శాతం తగ్గాయి. ఇంట్లోని ప్రమాదాలు గుర్తించి సరిచేయడం మీద 2023లో అదే సంస్థ చేసిన సమీక్షలో మొత్తం మీద 26 శాతం తగ్గుదల కనిపించింది. ఈమధ్యే ఒకసారి పడినవాళ్లు, రోజువారీ పనులకు సాయం కావాల్సినవాళ్లు, అంటే ముప్పు ఎక్కువున్నవాళ్లలో 38 శాతం. ముప్పు లేనివాళ్లలో ఇంటి మార్పులతో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి ఎవరింటికి ముందు వెళ్లాలో తెలుసుకోవడమే సగం నైపుణ్యం. దానికి మూడు ప్రశ్నలు చాలు: పోయిన ఏడాదిలో పడ్డారా? నిలబడ్డప్పుడు, నడిచేటప్పుడు తూలినట్టుంటుందా? పడతానేమోనని భయమేస్తుందా? ఒక్కదానికి అవునన్నా అక్కడ పని మొదలవుతుంది.

ఇంట్లోకి వెళ్లాక

ఇంటికి వెళ్లగానే గోడలు చూడాలి. నడవాలో, బాత్‌రూమ్ తలుపు పక్కన, నడుము ఎత్తులో సున్నం మీద నూనె జిడ్డుతో నల్లబడిన మచ్చలుంటాయి. అవి ఆ ఇంటి పెద్దావిడ రోజూ చెయ్యి ఆనించే చోట్లు. ఎక్కడ తూలుతోందో ఆమె నోటితో చెప్పకపోయినా గోడ చెబుతుంది. పట్టుకునే కడ్డీ బిగించాల్సింది సరిగ్గా అక్కడే. తర్వాత బాత్‌రూమ్‌లో తువ్వాలు వేసే కడ్డీ కదిలించి చూడండి. ఊగుతుంటే ఎవరో దాన్ని పట్టుకుని లేస్తున్నారని అర్థం. అది బట్ట బరువుకి పెట్టింది, మనిషి బరువు మోయదు. గాలి కప్పులతో టైలుకి అంటించే కడ్డీలూ అంతే, ఎప్పుడు ఊడతాయో చెప్పలేం. గోడలోకి డ్రిల్ చేసి, యాంకర్ బోల్టు దించి బిగించాలి.

ఇంకా చూడాల్సినవి బోలెడు. అంచులు లేచిన పట్టా, జారే ప్లాస్టిక్ చాప, అరిగిపోయిన హవాయి చెప్పులు, కాలికి అడ్డొచ్చే చీర కుచ్చిళ్లు, బోరు పంపు దగ్గర పాచి, నున్నటి గ్రానైట్ మెట్లు. తెల్లారకుండా లేచి వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గేసే అలవాటున్న ఇంట్లో, ఆ తడి మెట్ల మీద చీకట్లో ఎక్కి దిగేది డెబ్బై దాటిన మనిషి. ఏ విదేశీ చెక్‌లిస్టులోనూ ఇది దొరకదు. అందుకే ఈ పనికి మన ఇళ్లు తెలిసిన పిల్లలే కావాలి.

ఆ తర్వాత అసలు కష్టం, ఒప్పించడం. "నాకేం పర్లేదమ్మాయ్, గోడ పట్టుకుని నడుస్తాగా" అంటుంది ఆవిడ. అక్కడ ఉపన్యాసం ఇచ్చారంటే పని చెడినట్టే. "మామ్మగారూ, పొద్దున్నే ముగ్గేసేటప్పుడు ఎటు నుంచి దిగుతారో ఒకసారి చూపిస్తారా?" అని అడిగి చూడండి. ఆమె నడిచి చూపిస్తుంది, మీకు తెలియాల్సింది తెలుస్తుంది. ముగ్గు మానెయ్యమని చెప్పకండి, అది ఆమెకు రోజంతటికీ ఊపిరి. వాకిట్లో లైటు, మెట్ల పక్కన గట్టి కమ్మీ, తడి ఆరాక ముగ్గు. ఇంతవరకు ఒప్పుకుంటే చాలు. పడతారన్న భయంతో మనిషిని మంచానికి పరిమితం చేసే సలహా సలహాయే కాదు.

ఏ తలుపు నుంచి రావచ్చు?

నా దృష్టిలో ఈ పనికి అన్నింటికన్నా సరిపోయేది ఆక్యుపేషనల్ థెరపీ. మనవాళ్లు అతి తక్కువగా చేరేదీ దీనిలోనే. స్నానం, వంట, బట్టలు కట్టుకోవడం లాంటి రోజువారీ పనులను మనిషి తనంతట తాను చేసుకునేలా ఇంటినీ అలవాటునీ సరిచేయడమే దీని చదువు. ఇంటి మార్పులతో ఫలితాలు చూపించిన అధ్యయనాలు చాలావాటిలో ఇళ్లకు వెళ్లింది వీళ్లే. తెలుగు రాష్ట్రాల్లో ఈ కాలేజీలు చాలా తక్కువ, కానీ చుట్టుపక్కల మంచివి ఉన్నాయి: ఒడిశాలో కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని స్వామి వివేకానంద జాతీయ సంస్థ, చెన్నై పక్కన ముట్టుకాడులో బహుళ వైకల్యాలున్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ, వెల్లూరు సీఎంసీ. మొదటి రెండూ కేంద్ర ప్రభుత్వానివి.

ఫిజియోథెరపీ అందరికీ తెలిసిన దారి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో బీపీటీ కాలేజీలున్నాయి. 2021 చట్టంతో ఏర్పడిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ కోర్సుల స్వరూపాన్ని, ప్రవేశ నియమాలను మారుస్తోంది. అందుకని నాలుగేళ్ల క్రితం చేరిన అక్కయ్య చెప్పినదాన్ని నమ్ముకోకుండా ఈ ఏడాది నోటిఫికేషనే చదవండి. ఫిజియో చదివేవాళ్లు న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం రూపొందించిన వ్యాయామ పద్ధతిని తప్పక నేర్చుకోవాలి. మడమల పైన కట్టే చిన్న బరువులు, కుర్చీ, కాస్త నడక, అంతే సరంజామా. ఇంటికి వెళ్లి నేర్పి వస్తే మిగతా రోజులు పెద్దవాళ్లే చేసుకుంటారు. అక్కడి అధ్యయనాల్లో పడటాలు మూడో వంతు దాకా తగ్గాయి. ఒక అధ్యయనంలో శిక్షణ పొందిన నర్సులే దీన్ని ఇళ్లలో నడిపించారు. నర్సింగ్ చదివేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోండి. ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాల్లో, పల్లె దవాఖానాల్లో పనిచేసేవాళ్ల విధుల్లో వృద్ధుల ఆరోగ్యం కూడా ఉంది.

ఫార్మ్‌డీ పిల్లలకు మందుల పెట్టె ఉంది. ముగ్గురు డాక్టర్లు రాసిన చీటీలన్నీ ఒకచోట పరిచి, ఏవి కలిస్తే కళ్లు తిరుగుతాయో చూసి డాక్టరుకి చెప్పడం వాళ్లు చేయగలిగే గొప్ప సాయం. సొంతంగా మందు ఆపించడం మాత్రం ఎవరి పనీ కాదు. ఎంబీబీఎస్ అయ్యాక వృద్ధుల వైద్యంలో ఎండీ ఉంది. ఈ శాఖకు మన దేశంలో పునాది పడింది మద్రాస్ మెడికల్ కాలేజీలో, డాక్టర్ వి.ఎస్. నటరాజన్ చేతుల మీదుగా. సివిల్, ఆర్కిటెక్చర్ పిల్లలు ర్యాంపుకి 1:12 వాలు అనే లెక్క దగ్గర మొదలుపెట్టి, మెట్లు, కమ్మీలు, నేల రకాలు చదవాలి. ఐటీఐ ప్లంబరుకీ వడ్రంగికీ కూడా ఇందులో పని ఉంది. కడ్డీ బిగించడం తెలిసిన మనిషి దొరక్క ఆగిపోయే ఇళ్లు తక్కువేం కాదు.

పదో తరగతితో చదువు ఆగినవాళ్లకు జనరల్ డ్యూటీ అసిస్టెంట్, ఇంటి దగ్గర ఆరోగ్య సహాయకులు, వృద్ధుల సంరక్షకులు అనే నైపుణ్య కోర్సులున్నాయి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కింద ఢిల్లీలో ఉన్న జాతీయ సామాజిక రక్షణ సంస్థ కూడా వృద్ధుల సంరక్షణలో శిక్షణ ఇస్తుంది. ఈ ఉద్యోగాన్ని ఆయా పని అని చిన్నచూపు చూడకండి. మంచం మీద నుంచి మనిషిని లేపేటప్పుడు చెయ్యి పట్టి లాగితే భుజం పోతుంది. ఆ మనిషిని మంచం అంచుకి జరిపి, పాదాలు నేలకి ఆనించి, కాసేపు కూర్చోబెట్టి, ముందుకి వంగమని చెప్పి, నడుము దగ్గర ఆసరా ఇస్తూ లేపాలి. ఇది నేర్చుకుంటేనే వచ్చే విద్య.

జీతాల గురించి దాచి చెప్పడం తప్పు. చిన్న ఆసుపత్రుల్లో ఫిజియోలకూ సహాయకులకూ మొదటి రెండు, మూడేళ్లు వచ్చేది తక్కువే. ఇళ్లకు వెళ్లి చేసే పనిలో సంపాదన పేరు మీద ఆధారపడి పెరుగుతుంది, ఆ పేరు రావడానికి ఓపిక కావాలి. విదేశాల మీద కన్నున్నవాళ్లకు జపాన్ 2019లో తెచ్చిన ప్రత్యేక నైపుణ్య వీసాలో వృద్ధుల సంరక్షణ ఒక విభాగం. జపనీస్ భాషా పరీక్ష, సంరక్షణ నైపుణ్య పరీక్ష పాసవ్వాలి. జర్మనీకి నర్సులు వెళ్తున్నారు, తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఇలాంటి నియామకాలు చూస్తుంది. ఏజెంటు ఎవరైనా డబ్బు అడిగితే, ముందు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి.

ఏ కోర్సులో చేరకముందే ఒక పని చేయవచ్చు. మీ నాయనమ్మనో, పక్కింటి తాతగారినో గోడకి ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టి, మూడు మీటర్ల దూరంలో సుద్దతో గీత గీయండి. లేచి, మామూలుగా గీత దాకా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోమనండి. మీరు పక్కనే ఉండి ఫోన్లో సెకన్లు లెక్కపెట్టండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే డాక్టరుకి చూపించాల్సిందే. సెకన్లతో పాటు వాళ్లు లేవడానికి చేతుల ఆసరా తీసుకున్నారా, తిరిగేటప్పుడు తూలారా, అడుగులు ఈడ్చుతున్నారా రాసిపెట్టుకోండి. చేతికర్ర ఉంటే దాని ఎత్తు మణికట్టు మడతకి సరిపోయిందా, అడుగున రబ్బరు అరిగిందా, కర్ర నొప్పి లేని కాలి వైపు చేతిలో ఉందా చూడండి. చాలా ఇళ్లలో తప్పు చేతిలోనే ఉంటుంది. ఇలా చూడటం మీకు ఆసక్తిగా అనిపిస్తే ఈ రంగం మీదే. విసుగొస్తే ఇంకో దారి చూసుకోవడం మీకూ, ఆ పెద్దలకీ మంచిది.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు ఆ కాలేజీ చివరి ఏడాది విద్యార్థులను కలవండి. ఇంటర్న్‌షిప్‌లో రోగుల ఇళ్లకు పంపుతారా, లేక ఏడాదంతా ఆసుపత్రి ఔట్ పేషెంట్ విభాగంలోనే ఉంచుతారా? వృద్ధాశ్రమాల్లో పోస్టింగ్ ఉందా? నిలకడ కొలిచే బెర్గ్ పరీక్షను, 14 అంశాలు 56 మార్కులది, వాళ్లు తమ చేతులతో ఎంతమందికి చేశారు? కాలేజీ బ్రోషర్ ఈ మూడింటికీ జవాబు చెప్పదు. సీనియర్లు చెబుతారు.