ఆకాశపు తలుపులు తెరచి ఉండే వేళ
(గ్లైడర్లు – సైనిక గగనతలం)

నేలమీద నిలిచి చూచేవారికి ఆకాశమంతా ఒక్కటే. అక్కడ గోడలు లేవు, కంచెలు లేవు. కాని విమానచోదకుడు తన పటాన్ని విప్పి చూస్తే, అదే ఆకాశం గట్లు వేసిన పొలాల వలె గీతలతో విభజింపబడి కనిపిస్తుంది. ఆ గీతలలో కొన్ని సైన్యానికి చెందినవి. వాటి లోపల ఫిరంగుల అభ్యాసం, క్షిపణి పరీక్షలు, యుద్ధవిమానాల విన్యాసాలు జరుగుతూ ఉంటాయి. అయితే అవి ఎల్లవేళలా మూసి ఉండేవి కావు. అవి ఎప్పుడు తెరచి ఉంటాయో, ఆ సంగతిని గ్లైడరు చోదకుడు ఎట్లా తెలుసుకోవాలో ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

అంతర్జాతీయ పద్ధతిలో ఇటువంటి ప్రాంతాలు మూడు విధాలు. మొదటిది నిషిద్ధ ప్రాంతం. దీనిని ‘పి’ అనే అక్షరంతో సూచిస్తారు. రెండవది నియంత్రిత ప్రాంతం; దీని గుర్తు ‘ఆర్’. నిర్ణీత షరతులకు లోబడి ఇందులో ప్రవేశింపవచ్చు. మూడవది ప్రమాద ప్రాంతం. దీని గుర్తు ‘డి’. మన చర్చ ముఖ్యంగా రెండవదానిని గురించి.

ఇంజను గల విమానం దారి మూసి ఉంటే చుట్టు తిరిగి పోగలదు. సాధారణ గ్లైడరుకు ఇంజను లేదు. ఎండకు వేడెక్కిన నేలనుండి లేచే గాలి, కొండలను తాకి పైకెగసే గాలి, ఇవే దానికి ఆధారం. ఒక కిలోమీటరు ఎత్తు కోల్పోతూ, నిశ్చలమైన గాలిలో 40 కిలోమీటర్ల దూరం పోగల గ్లైడరును ఉదాహరణగా తీసుకొందాము. మూసి ఉన్న ప్రాంతాన్ని తప్పించుకొనడానికి 25 కిలోమీటర్లు అదనంగా తిరుగవలసి వస్తే, దానికి 625 మీటర్ల ఎత్తు ఖర్చవుతుంది. అంత ఎత్తు చేతిలో లేనివాడు ఏదో ఒక పొలంలో దిగవలసినదే. కనుక తలుపు తెరచి ఉన్నదా లేదా అన్న ప్రశ్నకు సమాధానం నేలమీద ఉండగానే వెదకాలి.

ఈ విషయం బోధపడడానికి అమెరికాలోని కాలిఫోర్నియాను మించిన ఉదాహరణ అరుదు. సియెరా నెవాడా పర్వతాలను దాటి వచ్చే పడమటి గాలి, వాటికి తూర్పున ఉన్న ఓవెన్స్ లోయపై అలలుగా పైకి లేస్తుంది. ఈ పర్వత తరంగాలు గ్లైడర్లను ఎంతో ఎత్తుకు చేర్చగలవు. కాలిఫోర్నియా తరంగాలపైననే 1961లో పాల్ బికిల్ 46,267 అడుగుల ఎత్తునకు చేరెను. 1986లో రాబర్ట్ హారిస్ 49,009 అడుగులకు చేరి ఆ రికార్డును అధిగమించెను. ఆ ప్రాంతంలోనే ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం, చైనా లేక్ నౌకాదళ ఆయుధ పరీక్షా కేంద్రం ఉన్నాయి. బికిల్ ఆనాడు ఎడ్వర్డ్స్‌లోని నాసా విమాన పరిశోధనా కేంద్రానికి అధిపతి కూడ కావడం గమనార్హం.

అక్కడ ఆర్-2508 అనే విశాలమైన నియంత్రిత ప్రాంతం ఉన్నది. దాని అడుగు హద్దు 20,000 అడుగుల వద్ద ఉన్నది. కనుక తక్కువ ఎత్తులో ఎగిరే గ్లైడరుకు దానితో పనిలేదు. తరంగమెక్కి పైకి పోయేవానికే దానితో పని. కాని చైనా లేక్ మీది ఆర్-2505, ఎడ్వర్డ్స్ మీది ఆర్-2515 నేలనుండే మొదలవుతాయి. ఇందువలన మనకు తెలిసే మొదటి పాఠం ఏమనగా, పటంలో గీతను మాత్రమే కాక, ఆ గీత ఏ ఎత్తునుండి ఏ ఎత్తువరకు వర్తిస్తుందో కూడ చూడాలి.

ఇక తెలుసుకొనే విధానం. పటం అంచున ఉండే పట్టికలో ప్రతి ప్రాంతానికి ఎత్తు, వేళలు, నియంత్రణ కేంద్రం వ్రాసి ఉంటాయి. కొన్నింటికి ‘నిరంతరం’ అని, కొన్నింటికి ‘సోమవారం నుండి శుక్రవారం వరకు’ అని, మరికొన్నింటికి ‘నోటమ్ ద్వారా’ అని ఉంటుంది. నోటమ్ అనగా విమానచోదకుల కొరకు అధికారికంగా జారీచేసే ప్రకటన. ఆదివారం గనుక సైన్యం పనిలో ఉండదని ఊహించి బయలుదేరడం సాహసం కాదు, అవివేకం. ఆ ఆదివారమే ప్రత్యేక విన్యాసానికి నోటమ్ వెలువడి ఉండవచ్చు.

నోటమ్‌లలో కాలాన్ని ప్రపంచ ప్రామాణిక సమయంలో తెలుపుతారు. 1700 నుండి 2300 వరకు అని ఉన్నదనుకొందాము. వేసవిలో కాలిఫోర్నియా కాలం దానికి 7 గంటలు వెనుక గనుక, అది అక్కడ ఉదయం 10 నుండి సాయంత్రం 4 వరకు అవుతుంది. గ్లైడర్లకు అనువైన గాలి లేచే సమయమంతా అందులోనే పోయినది! ఇటువంటి లెక్కలో మన దేశంలోనైతే అయిదున్నర గంటలు కలుపుకోవాలి.

ఆనాటి సైనిక కార్యక్రమపు పట్టికను అమెరికా విమానయాన శాఖ ప్రకటిస్తుంది. కాని పట్టిక ఒక ప్రణాళికయే గాని వాగ్దానం కాదు. విన్యాసం ముందుగా ముగియవచ్చు, ఆలస్యంగా మొదలు కావచ్చు. అందుచేత చివరి మాట నియంత్రణ కేంద్రానిది. ఉమ్మడి వినియోగపు ప్రాంతాలలో సైన్యం తన పని లేనప్పుడు గగనతలాన్ని పౌర నియంత్రణ కేంద్రానికి అప్పగిస్తుంది. చోదకుడు రేడియోలో ఆ కేంద్రాన్ని పిలిచి, ప్రాంతం పేరు చెప్పి అడిగి, తెరచి ఉన్నదని స్పష్టంగా విన్న తరువాతనే ప్రవేశించాలి. జవాబు రాకపోతే మూసి ఉన్నట్లే భావించాలి. మౌనం అర్ధాంగీకారమనే లోకోక్తి ఇక్కడ చెల్లదు.

ఇంత జాగ్రత్త ఎందుకని కొందరు అడుగవచ్చు. 2006 ఆగస్టు 28న నెవాడా రాష్ట్రంలోని మిండెన్ సమీపంలో, సుమారు 16,000 అడుగుల ఎత్తున, ఒక జెట్ విమానం ఒక గ్లైడరును ఢీకొన్నది. గ్లైడరులో తన ఉనికిని రాడారుకు తెలిపే పరికరం ఉన్నా, దానిని ఆన్ చేయలేదు. గ్లైడరు చోదకుడు పారాచూటుతో దిగి ప్రాణాలు దక్కించుకొనెను. జెట్ విమానంలోనివారు కూడ బ్రతికి బయటపడిరి. అది అందరికీ తెరచి ఉన్న ఆకాశంలో, పౌర విమానంతో జరిగిన ప్రమాదం. కంటిచూపు మాత్రమే చాలదని అది తెలిపినది. యుద్ధవిమానాలు తిరుగాడే చోట ఇక చెప్పవలసినదేమున్నది?

అయితే బాధ్యత ఒకవైపునే లేదు. వాడుకలో లేని ఆకాశాన్ని మూసి ఉంచడం కూడ నష్టమే. ఈ దృష్టితోనే ఐరోపా దేశాలు 1996 నుండి గగనతలపు సరళ వినియోగ విధానాన్ని అనుసరిస్తున్నాయి. ఏ గగనతలమూ శాశ్వతంగా సైన్యానిదో పౌరులదో కాదు, అవసరాన్ని బట్టి పంచుకొనేది అన్నదే దాని సూత్రం. మన దేశంలో సుమారు 60 శాతం గగనతలం మాత్రమే స్వేచ్ఛగా లభ్యమగుచున్నదని 2020 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించి, ఆంక్షలను సడలించగలమని తెలిపినది.

ఈ విషయం మనకు దూరమైనది కాదు. హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ రాష్ట్రపతిగా 1967లో శంకుస్థాపన చేసిన దుండిగల్ వాయుసేన అకాడమీ మన చెంతనే ఉన్నది. శ్రీహరికోటనుండి రాకెట్టు లేచే ముందు విమానాలకు నోటమ్ వెలువడుతూనే ఉంటుంది.

విద్యార్థి మిత్రులారా! మనలో ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరదలచినవారు ఉండవచ్చు; రేపు గ్లైడరు ఎక్కేవారూ ఉండవచ్చు. ఆకాశం అందరి ఉమ్మడి సొత్తు. ఉమ్మడి సొత్తును వాడుకొనేవారు ఒకరినొకరు అడిగి తెలుసుకొని మసలుకోవాలి. పని లేనప్పుడు తలుపు తెరచి ఉంచడం సైన్యం విధి. తలుపు తట్టి, జవాబు విని, ఆ తరువాత అడుగు పెట్టడం చోదకుని విధి. ఈ రెండూ నెరవేరినప్పుడే అందరికీ ఆకాశమూ దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది.