విదేశములనుండి తెచ్చు సామాను, సుంకపు తనిఖీ: పంచాయతీ సభ్యులు తెలిసికొని తెలుపవలసిన సంగతులు

ఎదుర్లంక రేవున నిలిచి చూచినచో గౌతమి కావలి యొడ్డున యానాము కనబడును. ఒకప్పుడు ఆ యేరే దేశపు హద్దు. యానాము ఫ్రెంచివారి పాలనలో నుండెను. బ్రిటిషు ఇండియాకును, ఫ్రెంచి ఇండియాకును 1941లో కుదిరిన సుంకముల యొడంబడిక 1949లో రద్దయిన పిదప, యానాము బజారున కొన్న సీమసరుకును ఏరు దాటించుట యనగా విదేశపు సరుకును దిగుమతి చేసికొనుటయే యయ్యెను. 1954 నవంబరు 1వ తేదీన యానాము పరిపాలన భారత ప్రభుత్వము చేతికి వచ్చుటతో ఆ సుంకపు హద్దు తొలగిపోయెను. నేడు యానామునుండి మద్యము తెచ్చువారిని పట్టుకొనుచున్నది రాష్ట్ర ఎక్సైజు శాఖవారే గాని, కస్టమ్స్ వారు కారు. ఆ సంగతి వేరు.

కోనసీమవారికి నేటి సుంకపు హద్దు హైదరాబాదు చెంతనున్న శంషాబాదు విమానాశ్రయమున గలదు. రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి, మామిడికుదురు, అమలాపురము ప్రాంతములనుండి కువైటు, బహ్రెయిను, ఖతారు, ఒమాను మున్నగు దేశములకు పనికి పోయినవారు అనేకులు. వారిలో ఇండ్లలో వంటపని, పిల్లల పోషణ చేయు స్త్రీలు పెక్కుమంది యున్నారు. రెండేండ్లకో, ఐదేండ్లకో తిరిగి వచ్చునపుడు వారి కష్టార్జితములో పెద్ద భాగము మెడలో గొలుసుగానో, పెట్టెలో గాజులుగానో వచ్చును. ఆడపిల్ల పెండ్లి, ఇంటి స్లాబు, తాకట్టు విడుదల, అన్నియు ఆ కొద్ది బంగారముపైననే ఆధారపడి యుండును.

మేము గ్రామములకు పోయినపుడు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "ఎంత బంగారము తెచ్చుకోవచ్చునండి?" ప్రశ్న మంచిదే. కాని అది సగము ప్రశ్న. "తెచ్చినదానిని ఎట్లు చెప్పవలెను?" అనునది తక్కిన సగము. విమానాశ్రయమున బంగారము పోగొట్టుకొన్న వారిలో ఎక్కువమందికి నష్టము వచ్చినది మొదటి ప్రశ్నవలన కాదు, రెండవదానివలన.

ఎంతవరకు సుంకము లేదు?

విదేశమున ఒక సంవత్సరమునకు మించి నివసించి తిరిగి వచ్చు స్త్రీ 40 గ్రాముల నగలు, పురుషుడు 20 గ్రాముల నగలు సుంకము లేకుండ తెచ్చుకొనవచ్చును. మన లెక్కలో కాసు 8 గ్రాములు గనుక, స్త్రీకి ఐదు కాసులు, పురుషునకు రెండున్నర కాసులు. 2016 నాటి సామాను నియమములలో ఈ తూకముతోపాటు విలువకును హద్దు ఉండెను. స్త్రీకి లక్ష రూపాయలు, పురుషునకు 50,000. ఆనాడు బంగారము గ్రాము సుమారు 3,000 రూపాయలు గనుక తూకమును, విలువయు కొంచె మించుమించుగా సరిపోయెడివి. 2025 నాటికి గ్రాము ధర పదివేలు దాటెను. అప్పుడు లక్ష రూపాయల బంగారమనగా కాసుంబాతికయే. ఐదు కాసులు రావచ్చునని నమ్మి వచ్చిన స్త్రీకి కాసుంబాతిక దాటినంతనే సుంకము తగిలెడిది. 2026 ఫిబ్రవరి 2 నుండి అమలులోనికి వచ్చిన కొత్త నియమములలో ఈ విలువ హద్దును తీసివేసి తూకమును మాత్రము ఉంచినారు. ఇతర సామానుకు 2016లో 50,000 రూపాయలుగా నుండిన సుంక మినహాయింపును 75,000 చేసినారు.

ఇచట ఒక మాట గట్టిగా చెప్పవలెను. మినహాయింపు నగలకు మాత్రమే. బిళ్లలకు, బిస్కట్లకు, నాణెములకు లేదు. కువైటు బజారులో కూలి తక్కువయని బిళ్ల కొని, ఇంటికి వచ్చి ఇచటి కంసాలిచేత గొలుసు చేయించుకొందమను ఆలోచన చాలమందికి తోచును. ఆ బిళ్లలో మొదటి గ్రామునుండియు సుంకము కట్టవలసినదే.

టెలివిజన్ల విషయమును అటువంటిదే. పలకవంటి టెలివిజనును 2013 ఆగస్టు 26వ తేదీన ఉచిత సామానునుండి తొలగించిరి. అచట చవుకగా దొరకినదని, ఇచటి సుంకము విచారింపక కొని మోసికొని వచ్చినవారికి తుదకు అమలాపురము దుకాణములోనే కొనియుండిన బాగుండెడిదని తోచిన సందర్భములు లేకపోలేదు.

ఎనిమిది కాసుల లెక్క

ఒక ఉదాహరణము తీసికొందము. ఐదేండ్లు కువైటులో పనిచేసి వచ్చుచున్న ఒక స్త్రీయొద్ద ఎనిమిది కాసుల నగలున్నవనుకొనుడు. అనగా 64 గ్రాములు. అందు 40 గ్రాములకు సుంకము లేదు. మిగిలినది 24 గ్రాములు. లెక్క సులువగుటకు గ్రాము పదివేలనుకొన్నచో దాని విలువ 2,40,000 రూపాయలు. ఆరు నెలలకు మించి విదేశమున నుండి వచ్చువారికి బంగారముపై సుంకమును 2024 జూలైలో 15 శాతమునుండి 6 శాతమునకు తగ్గించినారు. ఆ చొప్పున ఆమె కట్టవలసినది 14,400 రూపాయలు. రేటు మారుచుండును, విలువను ప్రభుత్వము ప్రకటించిన ధర ననుసరించి కట్టుదురు, గనుక ఈ మొత్తము కొంత హెచ్చుతగ్గులు కావచ్చును.

ఆమె విమానము దిగి, సామాను తీసికొని బయటికి వచ్చుచోట రెండు దారులుండును. ఆకుపచ్చ గుర్తు గలది సుంకము కట్టవలసిన వస్తువేదియు లేనివారికి. ఎఱ్ఱగుర్తు గలది ఉన్నవారికి. ఆమె ఎఱ్ఱదారిని పోయి, "ఇవిగోనండి, ఎనిమిది కాసులున్నవి" అని చూపినచో తూకము వేసి, సుంకము కట్టించుకొని, రసీదు ఇచ్చి పంపుదురు. ఆకుపచ్చ దారిలో అడుగు పెట్టుటయే "నాయొద్ద ఏమియు లేదు" అని చెప్పుటతో సమానము. అచట ఆపి "ఏమైనా ఉన్నదా అమ్మా?" యని అడిగినపుడు, భయముచేతనో, వెనుక వచ్చుచున్నవారు తొందరచేయుటచేతనో "ఏమీ లేదండి" అన్నచో, ఆ మూడు మాటల వెల 14,400 కాదు. ప్రకటింపని సొత్తుగా నగలను స్వాధీనపరచుకొనవచ్చును. జప్తు చేయవచ్చును. పైన జరిమానా విధింపవచ్చును. ఆరు లక్షలపై చిలుకు సొత్తు పద్నాలుగు వేలకై చిక్కున పడును.

మెడలో నున్నది సామాను కాదని చాలమంది తలపోయుదురు. ధరించిన నగకును లెక్క కలదు. ఐతే, ఇచటినుండి పోవునపుడే మెడలో నున్న పుస్తెలత్రాడు, నానుత్రాడు విదేశమున కొన్నవి కావు గదా. వానికి సుంకమెందుకు కట్టవలెను? పోవునపుడే విమానాశ్రయపు కస్టమ్స్ అధికారికి ఆ నగలు చూపి ధ్రువపత్రము పుచ్చుకొన్నచో వచ్చునపుడు తగవుండదు. పది నిమిషముల పని. దీనిని చేయువారు ఏ కొద్దిమందియో.

సుంకమును మార్పిడి చెల్లు విదేశీ ద్రవ్యములో కట్టవలెనను నియమము గలదు గనుక తెచ్చిన దినారులన్నియు అచటనే రూపాయలుగా మార్చుకొనరాదు. కట్టుటకు చేత డబ్బు లేకున్న నగలను అధికారులయొద్ద నుంచి, తూకము, వర్ణన గల రసీదు తీసికొని, పిమ్మట వచ్చి సుంకము చెల్లించి విడిపించుకొనవచ్చును. సెలవుపై వచ్చి మరల పోవువారు, సత్యముగా ప్రకటించిన వస్తువును తిరిగి పోవు దినము వరకు అధికారుల అధీనమున ఉంచుమని కోరుటకు 1962 నాటి కస్టమ్స్ చట్టపు 80వ సెక్షను వీలు కల్పించుచున్నది.

అధికారి యొక్క అధికారము, దాని హద్దు

అధికారులందరును మృదుభాషులని మేము చెప్పబోము. రాత్రి రెండు గంటలకు నాలుగు విమానములు ఒక్కసారి దిగినపుడు వారి ఓపికయు, ప్రయాణికుల ఓపికయు ఒక్కటిగానే యుండును. కాని వారి అధికారమునకు చట్టము గీచిన గీతలున్నవి. శరీరమున దాచినదని అనుమానించి సోదా చేయదలచినపుడు, తన్ను గెజిటెడ్ కస్టమ్స్ అధికారి యెదుటికి గాని, మేజిస్ట్రేటు నెదుటికి గాని కొనిపొమ్మని కోరుటకు ప్రయాణికునకు హక్కు కలదు. సోదాకు ఇద్దరు సాక్షులుండవలెను. స్త్రీని స్త్రీయే సోదా చేయవలెను. ఇవి చట్టపు 102వ సెక్షనులో నున్నవి. ఈ ఒక్క సంగతి తెలిసియున్న ఆడవారికి ఎంతో ధైర్యము కలుగును.

వాఙ్మూలము తీసికొనునపుడు అబద్ధము చెప్పరాదు. అది మీదట సాక్ష్యముగా వాడబడును. అందువలననే, తనకు తెలియని భాషలో వ్రాసినదానిని తెలుగులో చదివి వినిపింపుమని కోరిన తరువాతనే సంతకము చేయవలెను. జప్తు చేయుటకు ముందు కారణములు తెలుపుచు సంజాయిషీ నోటీసు ఇయ్యవలెనని 124వ సెక్షను చెప్పుచున్నది. "నాకు వ్రాతమూలకమైన నోటీసు అక్కరలేదు" అని ముందే అచ్చువేసిన కాగితముపై ప్రయాణికుల సంతకము తీసికొనుట చట్టసమ్మతము కాదని ఢిల్లీ హైకోర్టు 2025లో తీర్పులు చెప్పినది. ఊరికి చేరవలెనను ఆతురతలో చూపినచోటనెల్ల సంతకము పెట్టి వచ్చినవారు తమ వాదమును వినిపించు అవకాశమునే వదలుకొన్నవారగుదురు.

ఇతరుల పొట్లము

ఇది మిగుల ప్రమాదకరమైన విషయము. తిరుగు ప్రయాణపు టిక్కెట్టుకు డబ్బు లేనివారిని, జీతము రాక నిలిచిపోయినవారిని వెదకి, "టిక్కెట్టు మేము కొందుము, ఈ చిన్న పొట్లము హైదరాబాదులో మావాని కిచ్చిన చాలును" అని చెప్పువారున్నారు. పొట్లములో బంగారపు ముద్ద యుండును. పట్టుబడునది మోసినవారే. ఇచ్చినవాని ఫోను ఆ దినమునుండి పలుకదు. ఎవరిదో తెలియదని చెప్పిన మాత్రమున బయటపడుట కష్టము, పెద్ద మొత్తమైనచో కారాగారమే.

పోవునపుడును ఇదే జాగ్రత్త కావలెను. అచటనున్న బంధువుకని ఇరుగుపొరుగువా రిచ్చిన మందులు, పొడులు విప్పి చూడక తీసికొనరాదు. గసగసాలు మనకు మసాలా దినుసు. అరబ్బు దేశములు కొన్నింట అవి మాదకద్రవ్యముల క్రింద లెక్క. పలావు మసాలాలో కలిసియున్న గసగసాలవలన జైలు చూడవలసి వచ్చుట ఎవరికిని నమ్మశక్యముగా నుండదు. కాని అచటి చట్టము అట్లున్నది.

పంచాయతీ చేయగల పని

సభ్యుని వార్డులో విదేశమున నున్నవారెవరో సభ్యునకు తెలియనిది కాదు. ఎవరు ఈ సంక్రాంతికి వచ్చుచున్నారో వారి ఇంటివారు నెలదినముల ముందే చెప్పుకొందురు. ఆ సమయముననే ఇంటివారితో మాటలాడి, నగలు కొన్న దుకాణపు బిల్లు తెచ్చుకొనుమనియు, తూకము వ్రాసి యుంచుకొనుమనియు, ఐదు కాసులు దాటిన ఎఱ్ఱదారిన పొమ్మనియు ఫోనులో చెప్పించుట ఐదు నిమిషముల పని. నియమములు, సుంకపు రేట్లు మారుచుండును. పాత నియమములను నమ్మి చెప్పుటకంటె, కేంద్ర ప్రభుత్వపు పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డువారి వెబ్‌సైటులో ఆనాటి నియమములను సచివాలయపు ఉద్యోగిచేత తీయించి చదివించుట మేలు. గ్రామసభలో ఏడాది కొకసారి ఈ విషయము చదివి వినిపించినను చాలును.

రెండవ పని మరింత ముఖ్యమైనది. నగలు స్వాధీనమైన కొన్ని నెలలకు ఇంగ్లీషులో వ్రాసిన రిజిస్టరు ఉత్తరము ఇంటికి వచ్చును. ఆమె అప్పటికి తిరిగి కువైటు పోయియుండును. ముసలితల్లి దానిని పుచ్చుకొని బియ్యపుడబ్బా వెనుక దాచును, లేదా పోలీసు కాగితమని భయపడి తిప్పి పంపును. విచారణ దినము దాటిపోవును, ఉత్తర్వు ఏకపక్షముగా వెలువడును. అట్టి ఉత్తరము వచ్చినదని తెలిసినంతనే సభ్యుడు దానిని చదివింపవలెను. గడువులోపల జవాబు వ్రాయింపవలెను. బిల్లు, పాస్‌పోర్టు నకలు, పని చేసిన కాలపు కాగితములు జతపరుపవలెను. నిషిద్ధము కాని వస్తువును జప్తు చేసినపుడు, బదులుగా అపరాధ రుసుము కట్టి విడిపించుకొను అవకాశము ఇయ్యవలెనని 125వ సెక్షనులో నున్నది గనుక జవాబులోనే ఆ కోరికను స్పష్టముగా వ్రాయవలెను. ఉత్తర్వు వ్యతిరేకముగా వచ్చినచో, అది చేరిన దినమునుండి 60 దినములలోపల అప్పీళ్ల కమిషనరునకు అప్పీలు చేసికొనవచ్చును. అచటను గెలువకున్న, సామానుకు సంబంధించిన కేసులలో కేంద్ర ప్రభుత్వమునకు మూడు నెలలలోపల పునర్విచారణ దరఖాస్తు పెట్టుకొనవచ్చును. "లోపల మనవారున్నారు, విడిపించెదము" అని డబ్బడుగు దళారులు ఈ దశలోనే ఇంటికి వచ్చుచుందురు. వారికి ఇచ్చిన డబ్బునకు రసీదుండదు.

ఉత్తరము చేరిన తేదీని కవరుపైననే వ్రాసి, ఆ కవరును పారవేయక ఉత్తరముతో కలిపి యుంచవలెను. అరువది దినముల లెక్క ఆ తేదీనుండియే మొదలగును.